"ఆలస్యం అమృతం విషం": మెదడు విషయంలో ఈ మాట చెల్లుతుందా?

సైకోసిస్ అనే, వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక స్థితిపై ఒక వ్యాసాన్ని సరిచూస్తూ "ఆలస్యం అమృతం విషం: చికిత్స ఆలస్యం వల్ల కుంచించుకుపోయే మెదడు" అన్న శీర్షిక దగ్గర ఆగిపోయాను. లేని గొంతులు వినిపించడం, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారని నమ్మడం వంటి లక్షణాలు మొదలైన నాటి నుంచి తగిన మందు మొదలయ్యే దాకా గడిచిన కాలమే ఇక్కడి "ఆలస్యం".

ఈ నానుడికి సంస్కృత రూపం "ఆలస్యాదమృతం విషమ్". వాడుకలో పంచమీ విభక్తి రాలిపోయింది; శీర్షికలోని "వల్ల" దాన్ని మళ్లీ తెచ్చిపెట్టింది. నా అభ్యంతరం ఆ "వల్ల" మీదనే. మందు పడని సైకోసిస్ మెదడుకు విషంలా పనిచేయవచ్చునని అమెరికా మనోవైద్యుడు రిచర్డ్ వయట్ 1991లో అన్న మాట నిజమే కానీ, అది ఊహగానే ప్రతిపాదించారు. షాంఘైలో తొలిసారి జబ్బుపడినవారిని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స మొదలైన 8 వారాల్లో ఎడమ హిప్పోకాంపస్‌లో (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగంలో) కనిపించిన తగ్గుదల, అంతకుముందు మందు లేకుండా గడిచిన కాలం ఎక్కువైన కొద్దీ ఎక్కువగా ఉంది. అలాంటి సంబంధమే కనబడని అధ్యయనాలూ ఉన్నాయి. పైగా నెమ్మదిగా కమ్ముకొచ్చే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. మెదడులోని తేడా ఆ జబ్బు తీరుదే కావచ్చు. మందుల మోతాదుకూ మెదడు పరిమాణానికీ సంబంధం ఉందన్న పరిశీలనలు కూడా ఉన్నందున "వల్ల" అనడం తొందరపాటు. రెండూ కలిసి పెరుగుతాయని మాత్రమే చెప్పడానికి మనకు "కొద్దీ" ఉంది కదా!

జవాబు:
అయ్యా, "వల్ల" గురించి మీరన్నది సబబే కానీ, నాకు "ఆలస్యం" మీద కూడా అనుమానం ఉంది. సంస్కృతంలో ఆ మాటకు అర్థం సోమరితనం; తెలుగులో జాగు అయింది. గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ ఊరూరా తిరిగిన తల్లిదండ్రులను సోమరులనగలమా? తనకు జబ్బుందన్న సంగతి రోగికే తోచదు. "చికిత్స అందని కాలం" అంటే ఎవరి మీదా నింద పడదు.

మళ్లీ నేను:
"అందని" చాలా బాగుందండీ. "కుంచించుకుపోయే" అన్నదీ తీసేస్తున్నాను; ఎందరివో స్కాన్లు సగటు కడితే తేలే చిన్న తేడాకు ఎండిన నిమ్మకాయను గుర్తుచేసే క్రియ ఎందుకు? "చికిత్స అందని కాలం పెరిగే కొద్దీ మెదడులో మార్పులు: కొన్ని అధ్యయనాల్లో కనిపించిన సంబంధం" అని రాసి పంపుతాను. నానుడి ఎగిరిపోయిందని సంపాదకులు నొచ్చుకుంటారేమో.