బుద్ధుడి ముఖాన్ని టాటూగా వేయించుకోవడం తప్పా?

పద్మరేకు: భుజం మీద ధ్యానంలో ఉన్న బుద్ధుడి ముఖం, పిక్క మీద ధర్మచక్రం వేయించుకోవాలని ఉంది. నేను బౌద్ధురాలిని కాను, కానీ రోజూ ధ్యానం చేస్తాను, ఆ బోధంటే నాకు నిజంగా గౌరవం. ఇది అవమానమని నా స్నేహితురాలు గట్టిగా అంటోంది. మీరేమంటారు?

సిరాగీత: ముఖం వద్దండి. మీ మనసులోని గౌరవం ఎదుటివాళ్లకి కనపడదు, బొమ్మే కనపడుతుంది. చేతి మీద బుద్ధుడి టాటూ ఉందని 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని శ్రీలంకలో అరెస్టు చేసి వెనక్కి పంపేశారు. అలా చేయడం తప్పని అక్కడి సుప్రీంకోర్టు 2017లో తేల్చి 8 లక్షల శ్రీలంక రూపాయలు ఇప్పించింది, కానీ అప్పటికి ఆమె పడాల్సిన టెన్షన్ అంతా పడింది కదా. పిక్క మీద చక్రం అయితే అసలే వద్దు. థాయ్‌లాండ్, మయన్మార్ లాంటి చోట్ల పవిత్రమైన బొమ్మ నడుము కింద ఉంటే చాలామంది నొచ్చుకుంటారు.

చదువరి: కాలి మీద చక్రం ఎందుకు తప్పండీ? దీఘ నికాయం అనే బౌద్ధ గ్రంథంలో చెప్పిన 32 మహాపురుష లక్షణాల్లో అరికాళ్లలో వెయ్యి ఆకుల (చువ్వల) చక్రాలు ఉండటం ఒకటి. అమరావతి బుద్ధపాదాల మీద కూడా చక్రం చెక్కారు. థాయ్‌లాండ్‌లో వాట్ బాంగ్ ఫ్రా అనే ఆరామంలో భిక్షువులే సక్ యంత్ అనే పవిత్రమైన పచ్చబొట్లు పొడుస్తారు. అన్నీ అనిత్యమని చెప్పినాయన బొమ్మ గురించి జైలు దాకా వెళ్లడం నాకైతే బాధగా ఉంది.

సిరాగీత: మీ బాధ నాకూ ఉంది, ఎవరినీ జైల్లో పెట్టకూడదు. కానీ ఆ పాదాలు బుద్ధుడివి, జనం వాటికి మొక్కారు, మన పిక్కకి ఎవరూ మొక్కరు. సక్ యంత్ పొడిచే గురువు పాటించాల్సిన నియమాలు కూడా చెబుతాడు, అది ఊరికే నచ్చి ఎంచుకునే డిజైన్ కాదు. నేను చెప్పేది ఒక్కటే, సాంచి స్తూపం తోరణాల మీద శిల్పులు బుద్ధుడి కథంతా చెక్కారు, ఆయన్ని మాత్రం మనిషి రూపంలో చూపలేదు. బోధివృక్షం, ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం, వీటితోనే చెప్పేశారు. ముఖం లేకుండా అంత చెప్పగలిగినప్పుడు మనకి ముఖం దేనికి? పైచేతి మీద ఎనిమిది ఆకుల చక్రం వేయించుకోండి, అది బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గానికి గుర్తు, చుట్టూ పద్మం రేకులు పెట్టొచ్చు. కాస్త పెద్దదిగానే వేయించండి, ఏళ్లు గడిచేకొద్దీ గీతలు చర్మంలో మందం అవుతాయి, చిన్న చక్రంలో ఆకులన్నీ కలిసిపోతాయి. చిన్న ముఖమైతే కళ్లూ పెదవులూ అలికినట్టు అవుతాయి, అది ఇంకా ఘోరం.

పద్మరేకు: ముఖం మానేస్తున్నాను, సాంచి మాట నచ్చింది. చక్రం పైచేతికే. కానీ చదువరి గారు అడిగినదానికి మీ జవాబుతో నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నానండి, శరీరంలో ఒక భాగం తక్కువ అనే నమ్మకం ఆ బోధలోంచి వచ్చిందా, లేక ఆయా దేశాల ఆచారంలోంచి వచ్చిందా?

చదువరి: ఆచారమే అని నా అభిప్రాయం. అయినా ఆ దేశాలకి వెళ్లేటప్పుడు చెయ్యి కప్పుకోండి.