సీబీ రేడియోకి 4 వాట్లు చాలవా?

అమెరికాలో కారుకి కొత్తగా సీబీ రేడియో (దారిలో దగ్గర్లో ఉన్నవాళ్లతో మాట్లాడుకునే సిటిజన్స్ బ్యాండ్ రేడియో) పెట్టించాను. కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్స్ ప్రకారం మామూలు ఏఎం పద్ధతిలో 4 వాట్లు, ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) పద్ధతిలో 12 వాట్ల పీక్ పవర్ దాటకూడదు. పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్ అసలే కుదరదు. ట్రక్కులవాళ్లు ఎక్కువగా ఉండే చానల్ 19లో అడిగితే మాత్రం "అందరూ వాడుతున్నదే, నిన్నెవరు పట్టుకుంటారు?" అంటున్నారు. పవర్ నాలుగింతలు చేసినా అవతలివాళ్ల మీటర్‌లో పెరిగేది ఒక్క ఎస్ యూనిట్టే (సిగ్నల్ బలం చూపే మీటర్‌లో ఒక గీత) కదా, దానికోసం జరిమానా టెన్షన్ ఎందుకు? పైగా పక్క చానళ్లవాళ్లకి గోల.

నా అనుమానమంతా యాంటెనా మీదే. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా రేడియోకి ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే కొలత, 1కి దగ్గరగా ఉంటే మంచిది) చానల్ 1లో 2, చానల్ 40లో దాదాపు 3 చూపిస్తోంది. అంటే యాంటెనా పొడవెక్కువైనట్టేనా? కొంచెం తగ్గించాలా, లేక ముందు మౌంట్ గ్రౌండింగ్ చూసుకోవాలా? ఒకసారి కత్తిరించాక అతికించలేం కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.