రొయ్యల రాబడి తగ్గుతోంది, ఇల్లు ఎలా సర్దుకోవాలి?

మాది పాలకొల్లు దగ్గర. రెండెకరాల చెరువు, కాస్త కొబ్బరి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు చూసి దడ పుట్టింది. ఒక్కసారిగా మునుగుతామని కాదు, ఏటా కొంచెం కొంచెం తగ్గిపోతామేమోనని టెన్షన్. మేత, కరెంటు ఖర్చు మాత్రం తగ్గదు. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో నాన్న స్థలం కొనమంటున్నారు, మా ఆవిడ అప్పు తీర్చమంటోంది.

ఆక్వా బాబాయ్: చెల్లెమ్మ మాటే విను. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఏ స్థలం అంత ఇస్తుంది? ముందు మేత షాపు ఖాతా తెంచు. అరువు ఉన్నంతకాలం సరుకు ఆ షాపాయన చెప్పిన రేటుకే పోతుంది. పంటకి కిసాన్ క్రెడిట్ కార్డు మీద రాయితీ పరిమితి వరకు తీసుకుని గడువులో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. ఈసారి చెరువులో రొయ్య పిల్ల పల్చగా వెయ్యి. సంక్రాంతి ఖర్చు తగ్గించమని మాత్రం చెప్పను, అల్లుళ్లున్న ఇల్లు నాది కూడా.

కోనసీమ కోడలు: మిగిలింది ఒకే బ్యాంకులో పెట్టకండి. బ్యాంకు మునిగితే బీమా 5 లక్షల వరకే. రిజిస్టర్ కాని చీటీలకు అదీ లేదు.

లంక రైతు: కొబ్బరిలో కోకో వేశారా? నీడ ఎలాగూ ఉంది.

పాలకొల్లు: వెయ్యలేదు. మేత ఖాతా ఈ పట్టుబడికే తెంచేస్తాను, నాన్నకి మీరే చెప్పాలి బాబాయ్.