రెండో గేర్ జారుతోంది, సర్వో ఒక్కటి రీబిల్డ్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నాది పాత కారు, 4 గేర్ల ఆటోమేటిక్. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు ఇంజిన్ గొంతు ఒక్కసారి పైకి లేచిపోయి తర్వాత మెల్లగా పట్టుకుంటోంది, వేడెక్కాక నాలుగో గేర్ అసలు పట్టట్లేదు, కానీ ఒకటి, మూడు, రివర్స్ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. మెకానిక్ బాక్స్ మొత్తం దింపాలంటున్నాడు. సర్వో (ఆయిల్ ప్రెజర్‌తో గేర్‌ని పట్టించే పిస్టన్ భాగం) బయట నుంచే తీయొచ్చని విన్నా. బ్రేక్ కాలిపర్లు విప్పిన అనుభవం ఉంది గానీ గేర్‌బాక్స్ జోలికి ఎప్పుడూ పోలేదు, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పండి.

జవాబు 1:
మీరు చెప్పినదాంట్లోనే సగం సమాధానం ఉందండీ. 4ఎల్60-ఈ లాంటి బాక్సుల్లో రెండుకీ నాలుగుకీ కలిపి ఒకటే బ్యాండ్ (తిరిగే డ్రమ్‌ని చుట్టి పట్టుకునే పట్టీ), మూడులో అది వదిలేస్తుంది, అందుకే మూడు బాగుంది. ఆయిల్ ప్రెజర్ సర్వో పిస్టన్‌ని తోస్తే దాని పిన్ వెళ్ళి బ్యాండ్‌ని డ్రమ్ మీద బిగిస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ గట్టిపడితే ఆయిల్ పక్కనుంచి జారిపోతుంది, వేడికి పల్చబడితే ఇంకా ఎక్కువ. కాకపోతే బ్యాండ్ కాలిపోయినా ఇవే లక్షణాలు, కాబట్టి ముందు పాన్ (బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పండి. ఆయిల్ మాడు వాసన కొట్టి అడుగున నల్ల పొడి పేరుకుని ఉంటే మీ మెకానిక్ చెప్పిందే నిజం, సీల్స్ మీద డబ్బు పెట్టకండి.

జవాబు 2:
బ్రదర్, సర్వో కవర్ వెనక స్ప్రింగ్ ఉంటుంది, కవర్‌ని టూల్‌తో లోపలికి నొక్కి పట్టాకే దాన్ని ఆపి ఉంచే స్నాప్ రింగ్ తియ్, లేదంటే మొహం మీదకి ఎగురుతుంది. వచ్చిన వరసలోనే ముక్కలన్నీ గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకో. బోర్ (పిస్టన్ కదిలే గుండ్రటి గూడు) లోపల గోరు నడిపి చూడు, గోరు తగులుకునేంత గీత ఉంటే కొత్త సీల్ కూడా ఆగదు, పిన్ ముందుకీ వెనక్కీ కదిలే రంధ్రం అరిగినా అంతే. లిప్ సీల్ (అంచు పెదవిలా విచ్చుకుని ఉండే సీల్) అయితే పెదవి ప్రెజర్ వచ్చే వైపుకే ఉండాలి. బిగించేటప్పుడు పెట్రోలియం జెల్లీ రాయి, ఛాసిస్ గ్రీజు మాత్రం వద్దు, అది ఆయిల్‌లో కరగక వాల్వుల్లో ఇరుక్కుంటుంది. పిన్ పొడవు కూడా ముఖ్యం, పాతదాన్ని పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి కొలువు.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. పాన్‌లో ఆయిల్ ఎర్రగానే ఉంది, మాగ్నెట్ మీద సన్నటి బూడిద రంగు పేస్ట్ తప్ప ఏం లేదు, ధైర్యం చేసి సర్వో తీశా. గుండ్రంగా ఉండాల్సిన ఓ-రింగ్ నొక్కుకుపోయి పలకలా అయింది, వంచితే పుటుక్కున విరిగింది. బోర్ నున్నగా ఉంది. కొత్త సీల్స్ వేశా, రెండో గేర్ ఇప్పుడు టక్కున పడుతోంది, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాలుగు ఇంకా వేడి మీద చూడాలి.

జవాబు 2:
సూపర్ బ్రదర్. నాలుగుని వేడి మీద చూసే ముందు ఆయిల్ లెవెల్ ఇంకోసారి చూడు, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బాగా వేడెక్కాక. తక్కువుంటే నాలుగు మళ్ళీ జారుతుంది, నువ్వేమో సర్వోనే అనుకుంటావు.