అనంతపురం నుంచి జనవరిలో ఎడ్మంటన్ వెళ్తున్నాం, ఆ మంచుకు ఏం సర్దుకోవాలి?

అనంతపురం_మాస్టారు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. 34 ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా పెద్దమ్మాయి కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటుంది. జనవరి చివరి వారంలో కాన్పు అన్నారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మా ఆవిడ ఎంతో ఆశపడింది. కుదరలేదు. అందుకని మేమిద్దరమే జనవరి మొదట్లో బయల్దేరుతున్నాం.

మా ఇంట్లో చలికాలం వచ్చిందని చెప్పేది కొబ్బరినూనె సీసా. అది గడ్డకట్టిన రోజు పొద్దున్నే మా ఆవిడ సీసాను వేన్నీళ్ల చెంబులో నిలబెడుతుంది, బీరువాలోంచి రగ్గులు తీస్తుంది. అంతకు మించిన చలి మేం ఎరగం. తెల్లవారుజామున 14, 15 డిగ్రీలకు దిగితేనే నేను మఫ్లర్ లేకుండా పాలకు వెళ్లను. మొన్న అమ్మాయి ఫోన్లో "నాన్నా, ఈరోజు మైనస్ 27" అంది. లెక్కల మాస్టారినే అయినా ఆ అంకె నాకు అందలేదు.

నాకు 64 ఏళ్లు, బీపీ ఉంది. ఆవిడకు 59, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. చీర తప్ప ఇంకేం కట్టదు. ఇక్కడ ఏం కొనాలి, అక్కడ ఏం కొనాలి? అసలు గడప దాటగలమా? బిడ్డకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ వేయొచ్చా అని ఆవిడ ప్రత్యేకంగా అడగమంది.

గుత్తి_అమ్మాయి

మాస్టారూ, నమస్తే. మాది గుత్తి. నేనూ ఎడ్మంటన్‌లోనే 6 ఏళ్లుగా ఉంటున్నాను. మా అమ్మానాన్న కూడా జనవరిలోనే వచ్చారు, కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

పెద్ద జాకెట్లు, బూట్లు మాత్రం ఇండియాలో కొనొద్దు. మా నాన్న ఒక షాపువాళ్లు "మైనస్ 40కి కూడా ఆగుతుంది" అంటే నమ్మి కొన్నారు. ఎయిర్‌పోర్టు తలుపు దాటి పార్కింగ్ దాకా నడిచేలోపే జిప్పు సందుల్లోంచి గాలి లోపలికి కొట్టింది. మీ కొలతలు పంపి, జాకెట్లు కొని ఎయిర్‌పోర్టుకే తెమ్మని అమ్మాయికి చెప్పండి. ఇండియాలో కొనదగ్గవి లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాపులు.

మందపాటి బట్ట ఒక్కటి వేసుకునే కంటే పలచటివి మూడు వేసుకోవడం మేలు. ఒంటిని అంటుకుని ఉండేది ఉన్నిదో, పాలిస్టరుదో కావాలి. కాటన్ వద్దు. మన ఎండలకు కాటనంత హాయి ఇంకోటి లేదు కానీ, ఇక్కడ అది ఒక్కసారి తడిసిందంటే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. దాని మీద స్వెట్టరు, ఆ పైన గాలినీ నీళ్లనూ ఆపే జాకెట్. వేడనిపిస్తే ఒకటి తీసేయొచ్చు.

ఇక చీర. మా అమ్మ కూడా చీరే కడుతుంది. వచ్చిన కొత్తలో లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకుని, చీర కట్టుకుని గుడికి బయల్దేరింది. కారు దిగి మెట్ల దాకా నడిచింది మహా అయితే 50 అడుగులు. కుచ్చిళ్ల అంచు మంచులో తడిసింది. దర్శనమయ్యాక పార్కింగ్‌లో కారు కోసం నిలబడేసరికి ఆ అంచంతా గంజి పెట్టినట్టు బిరుసెక్కి, అడుగు తీసి అడుగు వేస్తుంటే బూట్లకు తగిలి టకటకమంది. అమ్మ వంగి దాన్ని వేళ్లతో పట్టుకుని చూసింది, విరుగుతుందేమో అన్నట్టుగా. ఆ తర్వాత నుంచి బయటికి వెళ్తే చీర నాలుగంగుళాలు పైకి కట్టి, చీలమండల దాకా వచ్చే కోటు వేసుకునేది. ఇంట్లో అయితే మామూలుగా కట్టుకోవచ్చు. హీటింగ్ ఉంటుంది కాబట్టి 21 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఆంటీ గారికి ఇంకో మాట. రెండు జతల సాక్సులు వేసి బూటు బిగిస్తే మెట్టెల దగ్గర వేలు నొక్కుకుపోతుంది, రక్తం ఆడదు. బయటికి వెళ్లేటప్పుడు మెట్టెలు తీయడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తక్కువగా ఉండొచ్చు. ఇంటికొచ్చాక వేళ్ల మధ్య వెలుతురులో చూసుకోమనండి.

ఆదోని_ఫౌజీ

మాస్టారు గారికి నమస్కారం. ఆర్మీలో 17 ఏళ్లు చేశాను, అందులో రెండు చలికాలాలు లడఖ్‌లో గడిచాయి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ ఊపిరికే ఇబ్బంది. మీకు ఆ బాధ లేదు. చలి మాత్రం ఎక్కడైనా చలే.

మాకు మొట్టమొదట నేర్పింది చెమట పట్టకుండా చూసుకోమని. పని చేసేటప్పుడు జాకెట్ విప్పి, ఆగగానే వేసుకోవాలి. లోపల చెమట పట్టి, ఆగి నిలబడ్డామంటే ఆ తడే మనల్ని వణికిస్తుంది. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి, లోపల వేళ్లు ఆడాలి. గ్లౌజుల కంటే వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన, ఒక వేలి వేడి ఇంకో వేలికి తగులుతుంది.

వాతావరణం చూసేటప్పుడు డిగ్రీలతో పాటు విండ్ చిల్ అని ఇంకో అంకె ఇస్తారు, గాలి వల్ల ఒంటికి ఎంత చలి తగులుతుందో చెప్పే అంకె, దాన్ని చూడండి. అది మైనస్ 28 దాటిందంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ముక్కు కొన, చెవి తమ్మె, బుగ్గలు, వేళ్ల చివర్లు ముందు దెబ్బతింటాయి. మొదట సూదులతో గుచ్చినట్టు మండుతుంది, తర్వాత ఏమీ తెలియదు. నొప్పి పోయింది కదా అని సంతోషపడకూడదు సార్, అసలు ప్రమాదం అక్కడే. చర్మం తెల్లగా, మైనం పూసినట్టు కనిపిస్తే వెంటనే లోపలికి వెళ్లాలి.

మన ఊళ్లలో చలికి కొంకర్లు పోతే అరచేతులు రుద్దుతాం, మంట దగ్గర పెడతాం. అక్కడ ఆ రెండూ చేయొద్దు. రుద్దితే గడ్డకట్టిన కండ చితికిపోతుంది. స్పర్శ లేని చేయి మంట దగ్గర కాలుతున్నా తెలియదు. పసిబిడ్డకు నీళ్లు పోసే ముందు మోచేత్తో చూస్తాం కదా, అంత గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. లెక్కలో 37 నుంచి 39 డిగ్రీలు. రంగు తిరిగి రాకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

కళ్యాణదుర్గం_అబ్బాయి

పైన కాటన్ వద్దు, ఉన్ని కావాలి అన్నారు. ఆ మాట మా అబ్బ ఎప్పుడో చెప్పాడు. మా అబ్బ గొర్రెలు మేపేవాడు. పుష్యమాసంలో కూడా బీడులోనే మంద పక్కన పడుకునేవాడు. ఆయనకున్నది ఒక్క నల్ల గొంగళి. నెత్తి మీద నుంచి కప్పుకుంటే ముక్కు ఒక్కటే కనిపించేది. రాత్రంతా మంచు కురిసి పొద్దున లేచేసరికి గొంగళి మీద నీటి చుక్కలు ముత్యాల్లా నిలబడి ఉండేవి, వాటిని దులిపేవాడు. చిన్నప్పుడు నేను లోపలికి చేయి పెట్టి చూశాను. పైన చల్లగా, లోపల కోడి కింద గుడ్డంత వెచ్చగా ఉండేది.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఉన్ని పోగు వంకర్లు తిరిగి ఉంటుంది, ఆ వంకర్లలో గాలి చిక్కుకుంటుంది, ఆ గాలే వేడిని బయటికి పోనివ్వదు. కాస్త తడిసినా దాని గుణం పోదు. మాస్టారూ, కురుబల ఇళ్లలో నేసిన గొంగళి ఎక్కడైనా దొరికితే ఒకటి పట్టుకెళ్లండి. గరుకుగా ఉంటుంది, ఒంటికి తగలకుండా కింద దుప్పటి వేసుకోండి. పిల్లకు మన ఊరి ఉన్ని ఉంటుంది.

బద్వేలు_కువైట్

సాంబ్రాణి సంగతి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. సార్, దయచేసి వేయొద్దు.

మాది కడప జిల్లా బద్వేలు. కువైట్‌లో 11 ఏళ్లు డ్రైవర్‌గా చేశాను. ఎడారి కదా చలేముంటుంది అనుకుంటారు, జనవరి రాత్రుల్లో ఎముకలు కొరికేస్తుంది. ఒక రాత్రి రూమ్‌లో నలుగురం ఉన్నాం. బయట బొగ్గులు రాజేసి, పొగ పోయాక కుంపటి లోపలికి తెచ్చి తలుపు బిగించాం. పొగ లేదు కదా అనే ధైర్యం. గంటకు నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతి వచ్చేలా ఉంది. లేచి తలుపు తీద్దామంటే కాళ్లు లేవలేదు. పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను. పక్క మంచం మీద ఉన్న ప్రొద్దుటూరు తమ్ముడిని బయటికి ఈడ్చుకొచ్చాక అరగంటకు గానీ మాట రాలేదు.

అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించకపోయినా నిప్పు కణకణలాడుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది. మన పాత ఇళ్లలో పెంకుల సందులుండేవి, తలుపులకు నెర్రెలుండేవి, గాలి ఆడేది కాబట్టి బాలింత గదిలో కుంపటి పెట్టినా ఇన్నేళ్లూ గడిచింది. అక్కడి ఇళ్లు చలికోసం గాలి చొరకుండా కడతారు. అమ్మకు నచ్చజెప్పండి సార్. ఇక్కడ మన ఊళ్లలో కూడా స్లాబు ఇళ్లలో కిటికీలు మూసి కుంపటి పెట్టేవాళ్లు ఇది చదివితే ఈ రాత్రే మానేయండి.

అనంతపురం_మాస్టారు

బద్వేలు తమ్ముడూ, నీ పోస్టు ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సాంబ్రాణి పొట్లం పెట్టెలోంచి తీసి దేవుడి గూట్లో పెట్టేసింది. చల్లగా ఉండు నాయనా.

ఇన్సులిన్ సంగతి ఎవరికైనా తెలుసా?

విన్నిపెగ్_పిల్లోడు

సార్, నేను కర్నూలులో ఫార్మసీ చదివి కెనడాలోనే విన్నిపెగ్ వచ్చాను. ఇన్సులిన్ చెకిన్ బ్యాగులో వేయొద్దు, చేతి బ్యాగులోనే పెట్టుకోండి, డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. విమానం కింది అరలో గడ్డకట్టే అవకాశం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పని చేస్తుందన్న నమ్మకం లేదు, పారేయాలి. బయటికి వెళ్తే జాకెట్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా. కారులో వదిలేసి వెళ్లొద్దు.

మీరు మాత్రం మంచు ఎత్తే పార ముట్టుకోకండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, ఆ పైన బరువు ఎత్తితే గుండె మీద భారం పడుతుంది. అల్లుడు ఒక్కడే కష్టపడుతున్నాడే అని మీకు అనిపిస్తుంది. అయినా సరే.

రోడ్డు మీద తడిలా మెరిసేది తడి కాదు, పలచటి ఐసు. చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, చిన్న చిన్న అడుగులతో, పాదం మొత్తం ఆనించి నడవండి.

కర్నూలు_వదిన

బాబూ, అందరూ బట్టల గురించే రాశారు. నేను వంటింటి సంగతి రాస్తా, మా చెల్లెలు గారి కోసం. మా అబ్బాయి దగ్గర రెండు చలికాలాలు ఉండొచ్చాను.

దోసెల పిండి బయట పెడితే రెండ్రోజులైనా పొంగదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటి వేసి గిన్నె అందులో పెట్టాలి, తెల్లారేసరికి పొంగుతుంది. పెరుగూ అక్కడే తోడుకుంటుంది. ఓవెన్ మీద "పిండి ఉంది" అని చీటీ అంటించు తల్లీ, పిల్లలు చూడకుండా వేడి పెట్టేస్తారు.

హీటింగ్ వల్ల ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. ముక్కులో చెక్కు కట్టి రక్తం వస్తే భయపడొద్దు, వాసెలిన్ రాసుకోవాలి. గాలికి తేమ ఇచ్చే మిషన్ ఉంటుంది. మరీ ఎక్కువ పెడితే కిటికీ అద్దాలకు నీళ్లు పట్టి అక్కడే గడ్డకడతాయి.

ఇంకొకటి. డిసెంబరులో, జనవరి మొదట్లో అక్కడ పొద్దు పొడిచేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. నాకు మంచు కంటే ఆ చీకటే ఎక్కువ దిగులనిపించింది. ముగ్గు వేసే వాకిలి లేదు, పలకరించే మనిషి లేదు. మధ్యాహ్నం వెలుతురున్నంతసేపూ కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని. రోజూ ఎవరో ఒకరికి ఫోన్ చేస్తూ ఉండండి. నడక కోసం మాల్‌కి వెళ్లండి, మాలాంటివాళ్లు చాలామంది అక్కడే నడుస్తారు.

అనంతపురం_మాస్టారు

ఎడ్మంటన్ నుంచి రాస్తున్నాను. వచ్చి నాలుగు వారాలైంది. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

తొలిరోజు ఎయిర్‌పోర్టు బయట మైనస్ 24. ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఎవరూ ఈ సంగతి చెప్పలేదు, కాస్త భయపడ్డాను. మా ఆవిడ మెట్టెలు విమానంలోనే తీసి కొంగున ముడి వేసుకుంది. ఇన్సులిన్ భద్రంగా చేరింది. గొంగళి దొరికింది, అమ్మాయి మంచం మీద ఉంది. వదిన గారూ, మీ చీటీ ఓవెన్ మీద అంటించాం. వెస్ట్ ఎడ్మంటన్ మాల్‌లో రోజు విడిచి రోజు నడుస్తున్నాను. మొన్న అక్కడ తాడిపత్రి ఆయన ఒకరు పరిచయమయ్యారు.

ఇప్పుడు ఒక్క సందేహం. ఎల్లుండి పాపను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు మందపాటి జాకెట్ వేయొద్దని నర్సు అంది. ఇంత చలిలో అదెలాగని ఆవిడ ఒకటే బెంగ.

గుత్తి_అమ్మాయి

శుభాకాంక్షలు మాస్టారూ! నర్సు చెప్పింది నిజమే. ఉబ్బెత్తు జాకెట్ మీద బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది, గుద్దుకున్నప్పుడు జాకెట్ అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. పలచటి ఉన్ని బట్టలు, టోపీ వేసి, బెల్టు ఒంటికి ఆనేలా బిగించి, దాని పైన దుప్పటి కప్పండి, ముఖం మాత్రం మూయొద్దు. బయల్దేరే ముందు అల్లుడు గారిని కారు వెచ్చబెట్టమనండి. గరాజ్‌లో అయితే కాదు, బయటికి తీశాక. పొగ గొట్టానికి మంచు అడ్డం లేదని చూశాకే స్టార్ట్ చేయమనండి.