ఎలక్ట్రాన్ దగ్గర ఆగిపోయే ఐస్లాండ్ పిల్లలు

ఒంగోలు అక్క:
భాషల మీద పట్టున్నవాళ్ళు ఎవరైనా కాస్త చెప్పండి. మా చెల్లెలి కూతురు ఐస్లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో ఎమ్మెస్ చేస్తోంది. సాయంత్రాలు అక్కడి స్కూలు పిల్లలు కొందరికి ఇంగ్లీషులో సైన్సు చెబుతోంది, ఇప్పుడు నడుస్తున్నది విశ్వం పాఠం. ఆ పిల్లలు ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తారట, సినిమాలూ గేములూ అన్నీ ఇంగ్లీషులోనేనట. తీరా ఎలక్ట్రాన్, మాలిక్యూల్, గ్రావిటీ అనేసరికి ముఖముఖాలు చూసుకుంటారట. "మన ఊళ్ళో ఎనిమిదో క్లాసు పిల్లాడికి కూడా ఎలక్ట్రాన్ అంటే తెలుసు కదా పెద్దమ్మా, వీళ్ళకెందుకు తెలీదు" అంటోంది. నా దగ్గర జవాబు లేదు, మీ మీద పడేస్తున్నాను.

నిఘంటువు పిచ్చోడు:
అక్కా, వాళ్ళకి విషయం తెలుసు, ఆ మాటతోనే ఎప్పుడూ పనిపడలేదు. డేనిష్ పిల్లాడికీ జర్మన్ పిల్లాడికీ మన పిల్లాడికీ ఎలక్ట్రాన్ అనే మాట వాళ్ళవాళ్ళ పాఠ్యపుస్తకంలోనే దొరుకుతుంది, ఐస్లాండిక్‌లో మాత్రం దాన్ని 'రావేంద్' అంటారు (ఉచ్చారణలు తెలుగులో దగ్గర దగ్గరగా రాస్తున్నాను, తప్పులు పట్టకండి). 'ఏంద్' అంటే ఒక విడి భాగం, యూనిట్ లాంటిది. దాని ముందు ఒక్కో ముక్క తగిలిస్తే ఒక్కో మాట వస్తుంది. మొట్టమొదటిది అనే అర్థమున్న ముక్క పెడితే 'ఫ్రుమేంద్', అంటే ఆటం. కలిసి ఉన్నది అని పెడితే 'సామేంద్', మాలిక్యూల్. వెలుగు అని పెడితే 'ల్యోసేంద్', ఫోటాన్. రోత్ అంటే వేరు, అది పెడితే 'రోతేంద్', ప్రోటాన్. ప్రోటాన్ శబ్దం కూడా అందులో కొంచెం వినబడుతుంది చూడండి, ఈ మాట కట్టినవాళ్ళు గడుసువాళ్ళు.

ఇక రావేంద్‌లో 'రావ్' అంటే ఏంటో తెలుసా, అంబర్. పైన్ లాంటి చెట్ల జిగురు కోట్ల ఏళ్ళు భూమిలో ఉండి రాయిలా గట్టిపడుతుందే, ఆ పసుప్పచ్చ రాయి. గుడ్డతో రుద్దితే చిన్న చిన్న గడ్డిపరకల్ని లాగుతుంది. గ్రీకులో ఆ రాయి పేరు ఎలెక్ట్రాన్, ఇంగ్లీషు ఎలక్ట్రిసిటీ అంతా అందులోంచి వచ్చిందే. అంటే ఐస్లాండ్ పిల్లాడు రోజూ గ్రీకు మాట అర్థాన్ని నోటితో పలుకుతూనే ఉన్నాడు, గ్రీకు శబ్దం ఒక్కటే వాడికి కొత్త. కరెంటుకి వాళ్ళు అనేది 'రావ్‌మాగ్న్', అంబర్ శక్తి. మీ అమ్మాయి క్లాసులో ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ఎలక్ట్రాన్ ఇక మర్చిపోరు.

వరంగల్ తమ్ముడు:
అన్నా, ఉన్నవే నాలుగు లక్షల లోపు జనం. ప్రపంచమంతా ఎలక్ట్రాన్ అంటుంటే వీళ్ళకెందుకు ఇంత పట్టుదల? పైగా డిగ్రీకి వచ్చేసరికి పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషువే కదా, అప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. టెన్షన్ తప్ప లాభమేంటి?

నిఘంటువు పిచ్చోడు:
న్యాయమైన ప్రశ్నే తమ్ముడూ. యూనివర్సిటీలో పుస్తకాలు ఇంగ్లీషువే, ఆ తిప్పలు నిజమే, వాళ్ళూ కాదనరు. కానీ దీని వెనక ఒక కథ ఉంది. యోనస్ హాల్‌గ్రీమ్సన్ అని వాళ్ళకో కవి, 1807లో పుట్టాడు, 1845లో కోపెన్‌హాగెన్‌లో మెట్ల మీద జారి కాలు విరిగి పోయాడు, అప్పటికి ఇంకా నలభై కూడా రాలేదు. కవి మాత్రమే అయితే ఇక్కడ మనకి పని లేదు, ఆయన ప్రకృతి శాస్త్రం చదివినవాడు కూడా. డేనిష్‌లో ఉర్సిన్ అనే ఆయన మామూలు జనం కోసం రాసిన ఖగోళశాస్త్రం పుస్తకాన్ని ఐస్లాండిక్‌లోకి మార్చాడు, 1842లో అచ్చయింది. అప్పటిదాకా ఆ భాషలో ఎలిప్స్ అనడానికి మాట లేదు, 'స్పోర్‌బోయ్గుర్' అని పెట్టాడు, స్పోర్ అంటే అడుగుజాడ, బోయ్గుర్ అంటే వలయం. గ్రహం వెళ్ళే జాడ గీసిన వలయమన్నమాట. గ్రావిటీకి 'అద్ద్రౌత్తారావ్ల్', తనవైపు లాక్కునే బలం. ఇవి ఇవాళ్టికీ స్కూలు పుస్తకాల్లో ఉన్నాయి, జనం నోట్లోనూ ఉన్నాయి. గొర్రెలు కాసుకునే ఇంట్లో కూడా చదివితే అర్థమయ్యేట్టు ఉండాలనేది ఆ పుస్తకం ఉద్దేశం, 'తేలికగా, జనసామాన్యం కోసం' అని పేరులోనే ఉంటుంది. ఆయన పుట్టినరోజు నవంబరు 16ని వాళ్ళు భాషాదినంగా చేసుకుంటారు, మనం ఆగస్టు 29న గిడుగు వారి పుట్టినరోజు చేసుకున్నట్టు.

ఇంకొక చిత్రం చెప్పాలి. ఆ రోజుల్లో వెలుగు ప్రయాణించడానికి ఈథర్ అనే పదార్థం విశ్వమంతా నిండి ఉందని నమ్మేవాళ్ళు కదా, దానికి ఆయన 'ల్యోస్‌వాకి' అని పేరు పెట్టాడు, వెలుగును మేల్కొలిపేది అని. 1887లో మైకెల్సన్, మోర్లీ ప్రయోగంలో ఈథర్ జాడ దొరకలేదు, 1905లో ఐన్‌స్టీన్ వచ్చి అసలు దాని అవసరమే లేదన్నాడు. ఫిజిక్స్‌లో ఈథర్ పోయింది, ల్యోస్‌వాకి మాత్రం పోలేదు. రేడియో, టీవీలను కలిపి ఇప్పటికీ 'ల్యోస్‌వాకి మాధ్యమాలు' అంటారు! మనం ఆకాశవాణి అంటాం కదా, ఆ వరసే.

మాస్టారు (ఫిజిక్స్, రిటైర్డ్):
బాబూ, చాలా బాగా చెప్పావు, ఒకటి కలుపుతాను. మా రోజుల్లో తెలుగు మీడియం పుస్తకాల్లో హైడ్రోజన్ ఉదజని, ఆక్సిజన్ ఆమ్లజని. ఐస్లాండిక్‌లో ఆక్సిజన్ 'సూరెప్ని', సూర్ అంటే పులుపు, ఎప్ని అంటే పదార్థం. హైడ్రోజన్ 'వెత్ని', నీళ్ళలోంచి పుట్టిన మాట. రెండు భాషలూ ఒకదాని మొహం ఒకటి చూడకుండానే ఒకే దారిలో నడిచాయి, ఎందుకంటే రెండూ లవోయిజియే అనే రసాయన శాస్త్రవేత్త పెట్టిన ఫ్రెంచి పేర్లకు అర్థం చెప్పుకున్నాయి. అందులో ఆయన పొరపాటు కూడా కలిసి వచ్చింది. ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందని ఆయన అనుకున్నాడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని ఆ తరవాత డేవీ వంటివాళ్ళు తేల్చారు. పేరు మాత్రం పులుపు పేరే నిలబడిపోయింది, ఇక్కడా అక్కడా. ఆమ్లజని అని బోర్డు మీద రాసి, ఆ వెంటనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఫార్ములా రాసి, ఇందులో ఆమ్లజని ఎక్కడుంది చెప్పండర్రా అంటే క్లాసు మొత్తం బుర్ర గోక్కునేది. దానివల్ల పాఠం బాగా గుర్తుండేదనుకోండి. ఇప్పుడు మన పిల్లలు ఆక్సిజన్ అనే అంటున్నారు, వాళ్ళు సూరెప్ని అనే అంటున్నారు.

గ్రావిటీ మాట వచ్చింది కనక, అమ్మా, మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి. వాళ్ళకి రెండు మాటలున్నాయి, ఒకటి లాగే బలం, ఇంకొకటి 'థింగ్‌దారావ్ల్', బరువు బలం. మన గురుత్వాకర్షణలో ఆ రెండూ కలిసే ఉన్నాయి, గురుత్వం బరువు, ఆకర్షణ లాగడం. ఇంగ్లీషు గ్రావిటీలో ఉన్నది లాటిన్ బరువు ఒక్కటే, గ్రావిస్ అంటే బరువైనది.

ఒంగోలు అక్క:
మాస్టారూ, ఇవన్నీ అమ్మాయికి ఫార్వర్డ్ చేసేస్తున్నాను. అది వెంటనే ఇంకో ప్రశ్న పెట్టింది. స్టార్, సన్, మూన్ లాంటివి పిల్లలకు చటుక్కున వస్తాయట, మరి స్కై అంటే మాత్రం పైన మబ్బులకేసి చూపిస్తారట. ఎందుకంటారు?

నిఘంటువు పిచ్చోడు:
భలే పట్టింది అక్కా మీ అమ్మాయి! ఇంగ్లీషు స్కై అసలు వైకింగుల భాషలోంచి వెళ్ళిన మాట. అప్పట్లో 'స్కీ' అంటే మబ్బు, ఐస్లాండిక్‌లో ఇప్పటికీ మబ్బే. ఇంగ్లీషువాళ్ళు మబ్బుని తీసుకెళ్ళి ఆకాశం చేసుకున్నారు, ఆకాశానికి ఐస్లాండ్ వాళ్ళ మాట 'హిమిన్'. పిల్లలు తప్పు చూపించడం లేదు, అమ్మమ్మ అర్థం చూపిస్తున్నారు.

రోజువారీ మాటలు సులువుగా రావడానికి కారణం రెండూ అక్కచెల్లెళ్ళ భాషలు కావడం. స్టార్ అంటే 'స్త్యాద్నా', సన్ అంటే 'సోల్', ఎర్త్ అంటే 'యోర్థ్' లాంటిది. మూన్‌కి 'మౌని' అనే పాత మాట ఉంది కానీ మామూలుగా 'తుంగ్ల్' అంటారు. సంస్కృతం వైపు నుంచి మనకూ బాదరాయణం కాని అసలు చుట్టరికమే ఉంది, సోల్‌కీ సూర్యుడికీ మూలం ఒకటే. బిగ్ బ్యాంగ్‌ని వాళ్ళు 'మిక్లిక్వెత్లుర్' అంటారు, అందులో మిక్లి మన మహావిస్ఫోటంలోని మహాకి దాయాది. (బిగ్ బ్యాంగ్ పేరు పెట్టిన ఫ్రెడ్ హాయిల్‌కి ఆ సిద్ధాంతమంటేనే గిట్టదు, 1949లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ వాడాడు, అది వేరే పంచాయితీ.)

కాబట్టి అమ్మాయికి నేను చెప్పేది ఏంటంటే, ఇంగ్లీషు జాబితా ఇచ్చి బట్టీ పట్టించొద్దు. ఆ పిల్లలకు చిన్నప్పటి నుంచీ మాటను ముక్కలు చేసి చూసే అలవాటు ఉంది, ఇంగ్లీషు మాటల్నీ అలాగే విరిచి ఇవ్వాలి. ప్లానెట్ గ్రీకులో తిరుగుబోతు, వాళ్ళ 'రేకిస్త్యాద్నా'లో రేకి అన్నా అదే, తిరిగే చుక్క. కామెట్ అంటే జుట్టున్నది, వాళ్ళకి 'హాలాస్త్యాద్నా', తోక ఉన్న చుక్క, అచ్చం మన తోకచుక్క. గెలాక్సీలో గ్రీకు పాలు ఉన్నాయి, మనకూ పాలపుంతే, వాళ్ళకి మాత్రం మన గెలాక్సీ 'వెత్రార్‌బ్రోయిత్', చలికాలపు దారి. చలికాలంలో రాత్రులు అంత పొడుగ్గా ఉండే దేశంలో, వేసవి రాత్రి చుక్కే కనబడని చోట, ఆ పేరు కాక ఇంకేం పెడతారు. ఇలా చెబితే ఇంగ్లీషు మాట వాళ్ళకి తెలిసిన మాట మీదే కూర్చుంటుంది.

పల్సార్ అంటే లెక్క తప్పకుండా రేడియో సంకేతాలు పంపే చుక్క, దాన్ని 'తిఫ్‌స్త్యాద్నా' అంటారు, టిక్కు టిక్కుమనే చుక్క. 1967లో జోసెలిన్ బెల్ మొదటిదాన్ని పట్టుకున్నప్పుడు కాగితం మీద సమానమైన ఎడంతో గీతలు పడ్డాయి, 1.3 సెకన్లకొకటి. పల్సార్ కంటే టిక్కు చుక్కే నాకు ఎక్కువ నచ్చింది, మన తెలుగులో దీనికి ఇంత ముద్దు పేరు ఎవరూ పెట్టలేదు.

వరంగల్ తమ్ముడు:
సరే అన్నా, ఒప్పుకున్నాను సగం. డార్క్ మ్యాటర్ సంగతి చెప్పు. అది మనకే అర్థం కాదు.

నిఘంటువు పిచ్చోడు:
అదే వాళ్ళ దగ్గర బాగుంటుంది. డార్క్ అనగానే మన పిల్లలు నల్లగా బొగ్గులా ఉంటుందనుకుంటారు, కృష్ణపదార్థం అని అనువదించి మనం ఇంకా నలుపు పులిమాం. నిజానికి దానికి నలుపూ లేదు తెలుపూ లేదు, వెలుగుతో దానికి లావాదేవీయే లేదు, వెలుగు దానిలోంచి అలా వెళ్ళిపోతుంది. బరువు లాగుడు బట్టే ఉందని తెలుస్తుంది. విశ్వంలో 27 శాతం అదే, మనకి తెలిసిన మామూలు పదార్థం 5 శాతమే, మిగిలిన 68 డార్క్ ఎనర్జీ. ఐస్లాండిక్‌లో దాని పేరు 'హుల్దుఎప్ని', దాగి ఉన్న పదార్థం. హుల్దు అనగానే వాళ్ళకి 'హుల్దుఫోల్క్' గుర్తొస్తుంది, బండరాళ్ళలో కాపురముండే కనబడని మనుషులు, అక్కడి ప్రతి అమ్మమ్మ దగ్గరా వాళ్ళ కథలుంటాయి. ఉండీ కనబడనిది అన్న భావం ఒక్క ముక్కలో దిగిపోతుంది.

కాకపోతే చిక్కూ ఇక్కడే. దాగినదిగా నేర్చుకున్న పిల్లాడు ఇంగ్లీషు పరీక్షలో డార్క్ అని చూస్తే ఇదీ అదీ ఒకటేనని వాడికి తట్టదు. బ్లాక్ హోల్‌తో ఆ బాధ లేదు, 'స్వార్త్‌హోల్' అంటే నల్ల కంతే. డార్క్ మ్యాటర్‌ని మాత్రం జతగా బోర్డు మీద రాయించాలి.

మాస్టారు (ఫిజిక్స్, రిటైర్డ్):
పలకడం సంగతి కూడా చూడమనండమ్మా. ఐస్లాండిక్‌లో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే నొక్కు. ఇంగ్లీషులో అస్ట్రానమీకి ఒకచోట, అస్ట్రనామికల్‌కి ఇంకోచోట. హైపాథిసిస్ అనడానికి అందుకే తడబడతారు. వాళ్ళకి జడ్ శబ్దం లేదు, డబ్ల్యూ లేదు, వేవ్ అన్నా వాటర్ అన్నా మనలాగే వ తోనే లాగిస్తారు. థియరీ, ఎర్త్ మాత్రం మనకంటే శుభ్రంగా పలుకుతారు, ఆ శబ్దానికి వాళ్ళకి విడిగా అక్షరమే ఉంది.

వరంగల్ తమ్ముడు:
వాళ్ళ మాట ఒక్కటైనా మన దాకా వచ్చిందా మాస్టారూ, లేక అంతా అటే పోతుందా?

నిఘంటువు పిచ్చోడు:
నీ బాత్రూములో ఉంది చూడు తమ్ముడూ. హౌకదాలుర్ అనే లోయలో వేడినీళ్ళు పైకి చిమ్మే బుగ్గ పేరు గేసిర్. ఇంగ్లీషువాళ్ళు అలాంటి బుగ్గలన్నిటికీ ఆ పేరే పెట్టేసి, నీళ్ళు కాచే డబ్బాకి కూడా తగిలించారు, మనం గీజర్ అంటున్నాం. అసలు గేసిర్ ఇప్పుడు ఎప్పుడో కానీ చిమ్మదు, పక్కనున్న స్త్రోక్కుర్ మాత్రం ఐదు పది నిమిషాలకోసారి లేస్తుంది.

ఒంగోలు అక్క:
అమ్మాయి ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది. వచ్చే వారం సూపర్‌నోవా పాఠమట, దానికి వాళ్ళేమంటారో ముందే చెప్పమంటోంది.

నిఘంటువు పిచ్చోడు:
'స్ప్రేంగిస్త్యాద్నా', పేలే చుక్క. నోవా అంటే లాటిన్‌లో కొత్తది అని చెప్పి వెంటనే సరిచేయమనండి. 1572లో టైకో బ్రాహీ అనే ఖగోళ శాస్త్రవేత్త కాసియోపియా అనే చుక్కల గుంపులో అంతకుముందు లేని చుక్క చూసి కొత్త చుక్క అన్నాడు, అది కొత్తది కాదు, చచ్చిపోతూ వెలిగిన పాతది. పిల్లలకి ఇంగ్లీషు పేరే తిరకాసు పెడుతుంది, వాళ్ళ పేరు సరిగ్గానే ఉంది.