స్లాగు కాంక్రీటులో క్రీప్ ఎక్కువగా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: సిమెంటులో సగానికి బదులు స్లాగు (ఇనుప కొలిమి నుంచి వచ్చే చిట్టెం పొడి) కలిపిన కాంక్రీటు సిలిండర్లపై 7వ రోజున స్థిర భారం మోపాము. 28 రోజుల బలం సమానంగా ఉన్న మామూలు కాంక్రీటు కంటే అవి ఎక్కువగా కుదించుకుపోయాయి. స్లాగు వల్ల క్రీప్ (స్థిర భారం కింద కాలం గడిచేకొద్దీ కుదించుకుపోవడం) తగ్గుతుందని చదివిన నాకు ఇది అంతుబట్టడం లేదు.

మొదటి జవాబు: చిక్కంతా ఆ 7వ రోజు దగ్గరే ఉంది. స్లాగు నిదానంగా చర్య జరుపుతుంది కనుక ఆనాటికి దాని బలం తక్కువగా ఉంటుంది. రెండింటిపైనా ఒకే భారం మోపి ఉంటే, బలంతో పోల్చినప్పుడు స్లాగు సిలిండరే ఎక్కువ పాలు మోసినట్లు. భారం ఆనాటి బలంలో 40 శాతం దాటితే సూక్ష్మమైన పగుళ్లు పెరిగి, వికృతి (పొడవుతో పోల్చిన కుదింపు) భారానికి అనులోమంగా ఉండదు. 28 లేదా 90 రోజులకు మోపి చూస్తే ఫలితం తారుమారు కావచ్చు, ఎందుకంటే భారం కింద కూడా స్లాగు గట్టిపడుతూనే ఉంటుంది.

రెండో జవాబు: భారం లేని జత సిలిండర్ల సంకోచాన్ని మొత్తం కుదింపులోంచి తీసివేశారా?

ప్రశ్న అడిగినవారు: తీసివేశాము, కానీ అవి తేమ ఎక్కువగా ఉన్న వేరే గదిలో ఉన్నాయి.

రెండో జవాబు: అయితే ఆ లెక్క చెల్లదు, ఆరడం వల్ల వచ్చిన సంకోచం కొంత క్రీప్ ఖాతాలో పడింది. రెండింటినీ ఒకే గదిలో ఉంచండి. సిలిండరు కుదించుకునే కొద్దీ భారం మోపే స్ప్రింగు సడలి భారం తగ్గుతుంది కనుక, దాన్నీ సరిచేస్తూ ఉండండి.